పాట కంటే పొడవైన పేరు

నాలుగు చరణాల మంచి పాటను ఒక్క పల్లవికి ఎలా కుదించవచ్చో పట్టపగలు, ఫ్యాను కూడా ఆపేసి, పూర్తి శాస్త్రీయ పద్ధతిలో నిరూపించినవాణ్ణి నేను. ఆ ఘనకార్యం బందరులో, ఒక సైకిల్ షాపు మేడ మీద ఉన్న కంప్యూటర్ సెంటర్లో జరిగింది. గుండె చిక్కబట్టుకుని చదవండి. ఎవరూ చనిపోరు గానీ, ఒక ఊరికి నీళ్ళు అందడం మాత్రం చాలా కష్టమవుతుంది.

అప్పుడు నేను గుడివాడలో డిప్లొమా పూర్తిచేసి ఆ సెంటర్లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. నాకు పద్ధతి పిచ్చి. ఇంట్లో పచ్చడి జాడీల మీద కూడా చీటీలు అంటించేవాణ్ణి: ఏ కాయ, ఎవరు కలిపారు, ఉప్పు సరిపోయిందా లేదా. అలాంటివాడి చేతికి కంప్యూటర్ ఇస్తే ఏమవుతుంది? ఫోల్డర్లో ఫోల్డరు, దాని కడుపులో ఇంకో ఫోల్డరు. అన్నిటికీ మొదట్లో యూజర్ నేమ్‌గా నా పూర్తి పేరు: వీర వెంకట సత్య నాగ మల్లేశ్వర వరప్రసాద్. మా నాయనమ్మ మొక్కులన్నీ ఒక్క మనవడితోనే తీర్చేసుకుంది.

ఒక మధ్యాహ్నం దేవదానం మాష్టారు, ఆయన మనవరాలు కరుణ మెట్లెక్కి వచ్చారు. వాళ్ళది అవనిగడ్డ దాటాక, పంట కాలువ ఆఖర్న ఉన్న ఊరు. కోతల పండుగకి మాష్టారు ఒక పాట రాశారు. చర్చిల మధ్య పాటల పోటీ జరుగుతోంది. పాట రికార్డు చేసిన సీడీ ఆ సాయంత్రం అయిదుకల్లా బందరులోని చర్చి ఆఫీసులో ఇవ్వాలి. గెలిచిన పాటను ఆ ఏడు చుట్టుపక్కల చర్చిలన్నిట్లో పాడతారు.

"మా ఊరు ఎక్కడుందో బందరులో ఎవరికీ తెలీదు బాబూ. ఈ పాటతోనైనా తెలవాలి," అన్నారు మాష్టారు.

పాటంతా నీళ్ళ ప్రయాణమే. మొదటి చరణంలో నీళ్ళు వదిలే లాకుల దగ్గర తలుపులు లేస్తాయి. రెండో చరణంలో నీళ్ళు పెద్ద కాలువలో నడుస్తాయి. మూడోదాంట్లో పిల్లకాలువలోకి మళ్ళుతాయి. నాలుగో చరణంలో, అందరి చేలూ తడిశాక, శివారున ఉన్న వాళ్ళ ఊరు చేరతాయి. పల్లవి ఒకటే ప్రశ్న: "మా వంతు ఎప్పుడు దేవా?"

కరుణ పాడడం మొదలుపెట్టింది. శబ్దం రాకూడదని ఫ్యాను ఆపాను, కిటికీ మూశాను. తలుపు సందులోంచి వచ్చిన ఎండలో దుమ్ము నెమ్మదిగా తేలుతోంది. కంప్యూటర్ రొద కాలువ చప్పుడులా వినిపించసాగింది. మానిటర్ మీద కొంగ ఒకటి వాలింది. నిజంగా వాలలేదు లెండి, నా స్థితి అలా ఉంది. పాట అయిపోయిన సంగతి కూడా మాష్టారు దగ్గితేగానీ తెలియలేదు.

కలలోనే ఉండి ఫైలు పేరు టైపు చేశాను. పాట, తాళం, రాసినవారు, పాడినవారు, వారి చర్చి, ఫ్యాను ఆపామన్న వివరం. సేవ్ నొక్కాను.

"ఈ ఫైలును సేవ్ చేయడం సాధ్యం కాలేదు," అంది కంప్యూటర్. ఎందుకో చెప్పలేదు. సంబంధం వద్దని కబురు పంపే పెద్దమనుషులు కూడా కారణం చెప్పరు చూడండి, అలా. ఆ వెంటనే ప్రోగ్రాము లోపలున్న పాటతో సహా మూసుకుపోయింది.

డిస్కులో ఖాళీ చూశాను, బోలెడుంది. వైరస్ వెతికించాను, లేదు. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను. కరుణ మళ్ళీ పాడింది, నేను మళ్ళీ కాలువ గట్టున తేలాను, ఫైలు మళ్ళీ సేవ్ కాలేదు. చివరికి ఒక ప్రయోగం చేశాను. నా దగ్గును రికార్డు చేసి, 'టెస్ట్' అని పేరుపెట్టి నేరుగా సి డ్రైవులో వేశాను. నా దగ్గు అద్భుతంగా సేవ్ అయింది!

డిప్లొమా బుర్ర వెంటనే తీర్పిచ్చేసింది. దగ్గు పొట్టిది, పాట పొడుగుది. కాబట్టి రోగం పాట పొడవే.

"మాష్టారూ, పాట కాస్త పొడవైందండీ. కంప్యూటర్ తట్టుకోలేకపోతోంది."

"తట్టుకోలేకపోవడమేంటి బాబూ? మా చర్చిలో చంటిపిల్లలు తట్టుకుంటున్నారు."

"ఒక్క చరణం తగ్గిద్దామండీ. ఆఖరుది."

"ఆఖరుదా? నీళ్ళు మా ఊరొచ్చేది అందులోనే కదయ్యా!"

టైము చూపించి ఒప్పించాను. నాలుగో చరణం పోయింది. పద్ధతి గలవాణ్ణి కనక ఫైలు పేరు చివర 'ఆఖరి చరణం తీసేసిన తర్వాత' అని చేర్చాను. సేవ్ కాలేదు. మూడో చరణం తీసేశాం. పేరుకి ఆ సంగతీ చేర్చాను. గమనించారా? పాట తరుగుతున్నకొద్దీ పేరు పెరుగుతోంది. నేను మాత్రం గమనించలేదు. ఆ పిల్ల గొంతులో ఏ లాకు దగ్గరో పడవ మీద పడుకుని ఉన్నాను.

"ఇప్పుడు నీళ్ళెక్కడున్నాయే?" అన్నారు మాష్టారు దిగులుగా.

"పెద్ద కాలువలోనే ఆగిపోయాయి తాతయ్యా." కరుణ గొంతు అప్పటికే జీరబోతోంది.

"ఇంకొక్క చరణం తగ్గిస్తే..." అని గొణిగాను.

"మా ఊరికి నీళ్ళాపిన వాళ్ళని చాలామందిని చూశాను బాబూ. పాటలో కూడా ఆపినవాడివి నువ్వే!"

నాలుగున్నర దాటింది. చరణాలన్నీ అయిపోయి ఒట్టి పల్లవి మిగిలింది. అదీ సేవ్ కాలేదు. మాష్టారు కండువాతో ముఖం తుడుచుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఆయన్ని చూశాక మొదటిసారి నాకు కొంగలు ఎగిరిపోయాయి.

"ఏవండీ," అంది కరుణ బొంగురుగా, "నేను పాడేది నిమిషం, మీరు టైపు చేసేది అయిదు నిమిషాలు. ఏం రాస్తున్నారంతసేపు?"

"ఫైలు పేరండీ."

"ఏదీ, చదవండి విందాం."

చదివాను. మొదట నా పేరు, నాయనమ్మ మొక్కులతో సహా. తర్వాత దివిసీమ నుంచి వచ్చిన రికార్డింగులు, అందులో కోతల పండుగ పాటలు, అందులో పోటీకి పంపవలసినవి, అందులో ఈనాటివి. అప్పుడు అసలు పేరు. మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

"పల్లవి కంటే ఇదే పొడుగుందండీ," అంది. "దీనికే బాణీ కట్టి పంపించేద్దామా?"

నా తలలో ఎక్కడో లాకు తలుపులు లేచాయి. డ్రైవు అక్షరం నుంచి ఫైలు పేరు చివరి దాకా మొత్తం దారికి ఒక హద్దుంటుంది, సుమారు రెండు వందల అరవై అక్షరాలు. పరీక్షలో ఈ ప్రశ్నకు జవాబు రాసి, కింద ఎర్ర సిరాతో గీత కూడా గీసినవాణ్ణి! పైనున్న నా ఫోల్డర్లే నీళ్ళన్నీ తాగేస్తే శివారున ఉన్న పాటకి ఇంకేం అందుతుంది?

"కరుణ గారూ, మొత్తం పాడండి. నాలుగు చరణాలూ!"

గొంతు మిగల్లేదు. అయినా పాడింది. మూడో చరణం దాటేసరికి మాట గాలిగా మారుతోంది. నాలుగో చరణంలో మాష్టారు గోడవైపు నుంచి ఇటు తిరిగి ఆయనా పాట అందుకున్నారు. వణికే గొంతూ ఎండిన గొంతూ కలిసి నీళ్ళను నెమ్మదిగా ఊళ్ళోకి తెచ్చాయి. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు. ఫోల్డర్లేవీ లేకుండా నేరుగా సి డ్రైవులో 'నీళ్ళు' అని మాత్రం టైపు చేశాను. కన్ను మూసి తెరిచేలోగా సేవ్ అయింది.

పాటను సీడీకెక్కించి, కింది షాపు సైకిల్ తొక్కుకుంటూ వెళ్తే, ఆఫీసు గుమస్తా తాళం వేస్తూ దొరికాడు.

వారం తర్వాత ఇద్దరూ మళ్ళీ మెట్లెక్కారు. మొదటి బహుమతి! నా చెవులు నేను నమ్మలేదు.

"శివారు రైతు దాహం ఆ ఎండిన గొంతులో ఎంత బాగా పలికిందో అన్నారు బాబూ జడ్జీలు. ఆ దాహం నువ్వు పెట్టిందేనని నేను చెప్పలేదులే," అన్నారు మాష్టారు.

ఆ రోజే కంప్యూటర్ మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ ఫైలుకీ మూడక్షరాలు మించి పేరు పెట్టను, పెట్టేవాళ్ళని క్షమించను, పచ్చడి జాడీలకు కూడా ఇదే వర్తిస్తుంది.

వెళ్తూ వెళ్తూ కరుణ మెట్ల దగ్గర ఆగింది. "కోతల పండుగకి మీరు తప్పకుండా రావాలండీ. పిలుపు కార్డు మీద రాస్తాను, మీ పూర్తి పేరు చెప్పండి."

కార్డు చాలా చిన్నది. మాష్టారు నా వైపే చూస్తున్నారు.

"ప్రసాదండీ," అన్నాను. "అంతే!"