సైరన్ కోసం మొక్కిన ఇల్లు

రేణిగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. మా నాయనది బ్రేక్‌డౌన్ గ్యాంగు ఉద్యోగం. లైన్లో ఎక్కడ బండి పట్టాలు తప్పినా షెడ్డు సైరన్ కూసేది. ఏ పనిలో ఉన్నా వదిలేసి క్రేన్ ఉన్న బండెక్కాలి. జీతం ఒకటో తేదీకి వచ్చేది. ఓవర్‌టైం మాత్రం సైరన్ కూస్తేనే. అదెప్పుడు కూస్తుందో దేవుడికే ఎరుక. కాలనీ అంగడాయన గట్టివాడు, మామూలు రోజుల్లో ఉప్పు కూడా అప్పివ్వడు. కూత చెవిన పడిందంటే మాత్రం, ఓవర్‌టైం వస్తుందని గ్యాంగు ఇళ్లకు సరుకైనా డబ్బైనా అడిగినంత ఇచ్చేవాడు.

మా నాయనలో ఒక వింత ఉండేది. కొన్నిసార్లు సైరన్ కంటే ముందే లేచి బూట్లు వేసుకునేవాడు. లేసులు బిగించి గడప పక్కన కూర్చునేవాడు. కాసేపటికి కూసేది. అమ్మ ఏమీ అడక్కుండా క్యారియరు కట్టిచ్చేది. ఆయనకు ముందే ఎట్లా తెలుస్తుందో నాకు అంతుపట్టేది కాదు.

తిరుపతిలో నాకు టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. ఫీజుకు సోమవారమే ఆఖరు. అమ్మ గాజులు అప్పటికే తాకట్టులో ఉన్నాయి. ఆదివారం పొద్దున పటం ముందు నిలబడి, ఒక్కసారి కూయించు స్వామీ అని మొక్కుకున్నాను. సిగ్గు లేకుండా మొక్కుకున్నాను. మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ నాయన చెయ్యి కడిగేసుకున్నాడు. బూట్లు వేసుకున్నాడు. వీధిలో ఎండ తప్ప ఏమీ లేదు, కాకి కూడా అరవడం లేదు. నేను ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. సైరన్ మొదలైంది.

సాయంత్రానికి అంగడాయన డబ్బిచ్చాడు. మర్నాడు ఫీజు కట్టేశాను. మూడో రోజు నాయన వచ్చి, పట్టాలు తప్పి ఒరిగిన గూడ్సు బండి కింద నలిగి, లైను చూసుకునే కీమ్యాన్ ఒకాయన పోయాడని, ఆయనకు ఇద్దరు ఆడపిల్లలని అమ్మతో చెబుతుంటే లోపలి నుంచి విన్నాను. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ నాకు అన్నం సహించలేదు. ఆ మనిషిని నేనే చంపాననుకునేదాన్ని.

నాయన రిటైరయ్యాక ఒకరోజు ఉండబట్టలేక ఆ మొక్కు సంగతి చెప్పేసి ఏడ్చాను. ఆయనకు ముందుగా ఎట్లా తెలిసేదో కూడా అడిగాను.

"నాకేం తెలిసేది కాదుమ్మా," అన్నాడు. "ఇంట్లో దుడ్డుకు కటకట అయినప్పుడంతా నేనూ మొక్కుకుంటా ఉంటి. మొక్కుకోని, బూట్లేసుకోని కూసుంటా ఉంటి."

మొక్కినా కూయని రోజు ఒక్కటైనా ఉందా అని అడిగాను.

ఆయన లేదని తల ఊపాడు.