నడుమెత్తు నుంచి వదిలిన బిళ్ల

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో సగం గోడలు హనుమప్ప మేస్త్రీ కట్టినవే. మిగతా సగం గోడల గురించి ఆయన అనే మాటలు ఇక్కడ రాస్తే బాగుండదు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లయినా ఆయన పరీక్ష మారలేదు. ఇటుకను గోరుతో గీకాలి, రెండిటిని కొట్టి ఖంగుమంటుందా లేదా వినాలి, నడుమెత్తు నుంచి కింద వదలాలి. తట్టుకుంటేనే గోడలోకి. ఈ పిచ్చి ఇటుకలతో ఆగితే ఎంత బాగుండేది! భార్య ఈదమ్మ సుల్తాన్ బజార్‌లో ముచ్చటపడి కొన్న పింగాణీ కప్పులను కూడా అలాగే వదిలి చూశాడు మహానుభావుడు. ఆమె పదహారు రోజులు మాట్లాడలేదు.

అలాంటి మనిషికి కూతురు అంబిక చదువు పెద్ద గండమై కూర్చుంది. అడిక్‌మెట్ పక్కన యూనివర్సిటీలో పీహెచ్‌డీ. పదార్థంలో ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకుంటాయో క్వాంటం సూత్రాలతో సూపర్ కంప్యూటర్ మీద లెక్క వేస్తే, ఇంకా ఎవరూ తయారు చెయ్యని పదార్థం ఎంత గట్టిదో ముందే తెలుస్తుందట. అలాంటి ఒక పదార్థం గురించి థీసిస్ కూడా రాసేసింది.

"గా ఇటుక యాడుంది బిడ్డా?"

"ఇంకా ఎవ్వలు చెయ్యలే నాయినా."

"చెయ్యని ఇటుక గట్టిదని రాసినవా? సంతకం గూడ పెట్టినవా?"

"పెట్టిన."

హనుమప్ప కూతుర్ని కిందినుంచి పైదాకా చూశాడు. కొట్టి చూడకుండా ఒక్క ఇటుకకూ మాటివ్వని తన ఇంట్లో అబద్ధాలాడే పిల్ల పుట్టిందా! పక్కింటి దాసయ్య "నీ బిడ్డ ఏం పని చేస్తదే?" అని అడిగితే, సిగ్గుతో "టైపింగ్" అన్నాడు. ఆ మాట అంబిక చెవిన పడింది. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు పాపం.

ఎనిమిది నెలలకు వేరే ఊరి ల్యాబ్ వాళ్లు ఆ పదార్థాన్ని నిజంగానే తయారుచేసి, రూపాయంత నల్లటి బిళ్ల ఒకటి పంపారు. అంబిక దాన్ని తెచ్చి తండ్రి అరచేతిలో పెట్టింది.

"నీ పరీక్షనే పెట్టు నాయినా," అంది.

గీకాడు. గోరు విరిగింది. ఇటుకకేసి కొట్టాడు. ఇటుక పెచ్చు లేచింది. బస్తీ జనం గుమిగూడారు. హనుమప్ప బిళ్లను నడుమెత్తు నుంచి వదిలాడు.

బిళ్ల టప్పుమని రెండు ముక్కలైంది.

హనుమప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెప్తి గద బిడ్డా, చూడకుంట మాటియ్యొద్దని..."

అంబిక థీసిస్ తెరిచి, ఒక వాక్యం మీద వేలు పెట్టి చదివింది. "గీత పడదు. కానీ పెళుసు. కింద పడితే పగులుతుంది. పోయినేడు రాసిన నాయినా."

ఆ వాక్యాన్ని ఆయన మూడుసార్లు చదివించుకున్నాడు.

"నా కప్పులు పగులుతయని నేను గూడ ముందే చెప్తి," అని ఈదమ్మ గొణుగుతూనే ఉంది. హనుమప్ప చేతికొక ముక్క పట్టుకుని, లుంగీ జారుతున్నా పట్టించుకోకుండా గల్లీలోకి ఉరికాడు.

"పగిలిందిరో దాసయ్యా! నా బిడ్డ రాసినట్టే పగిలింది! టైపింగ్ గాదురో, టైపింగ్ గాదు!"