మగ్గాలు ఆగిన మధ్యాహ్నం

చెన్నూరులో మా అత్తగారింట్లో నేల ఎప్పుడూ కొద్దికొద్దిగా వణుకుతూ ఉండేది. పొద్దున్నే మా ఆయన గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. నేత మొదలుకాగానే ఆ దెబ్బ మట్టి నేలలోంచి వచ్చి నా చాప కింద తగిలేది. పక్కింట్లో ఇంకో మగ్గం, దాని పక్కింట్లో ఇంకోటి. మా పుట్టిల్లూ నేతవాళ్లదే కానీ, బోథ్‌లో మా బాపు నేయడం మానేసి అంగళ్లలో బట్టలు అమ్ముకునేవాడు. అందుకని నాకా చప్పుడు కొత్త. పెళ్లైన కొత్తలో దాన్ని తిట్టుకున్నాను కూడా, మనసులోనే లెండి.

ఆ ఏడు నాకు రెండో కాన్పు. మొదటిది పుట్టింట్లో జరిగింది. ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. రెండు రోజుల ముందే కదలడం మానేసిందట. ఇంట్లో చుట్టాల సందడి, నవ్వులు, వంటలు. నేను గమనించుకోలేదు. ఆ తప్పు నాదేనని ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను.

అందుకే ఈసారి ఏడో నెల రాగానే నాకు ఇంకో ధ్యాస లేకుండా పోయింది. రాట్నం తిప్పి నూలు కండెలకు చుడుతూ, మధ్యమధ్య ఆపి కడుపు మీద చెయ్యి పెట్టుకునేదాన్ని. కదిలితే ప్రాణం లేచొచ్చేది. కదలకపోతే ముద్ద దిగేది కాదు.

"గంత రంది పెట్టుకోకే బిడ్డా. నువ్వు నిమ్మలంగ ఉంటెనే కడుపుల పిల్ల నిమ్మలంగ ఉంటది" అనేది అత్తమ్మ. పెద్ద గొంతు ఆమెది. మా వాడలో ఆమె మాటకు ఎదురు లేదు, ఇక కోడలి సంగతి చెప్పాలా? జొన్న గటక కలిపి ముందు పెట్టి, గిన్నె ఖాళీ అయ్యేదాకా కదిలేది కాదు. మధ్యాహ్నం తలకు నూనె అంటేది. ఆ వేళ్ల కింద నాకు నిద్రలాంటిదేదో కమ్మేది. నేల కింది దెబ్బలు, కడుపులో దెబ్బలు కలిసిపోయేవి. గోదావరి మీద పడవలో పడుకున్నట్టే ఉండేది. కదులుతోంది కదా, ఇంకేం కావాలి? ఆ మత్తులో చాలా రోజులు సుఖంగా గడిపాను.

ఒకరోజు మా ఆయన నూలు కోసం మంచిర్యాల పోయాడు. మా మగ్గం ఆగింది. చాప మీద ఒరిగాను. పక్కింటి మగ్గం దెబ్బ చిన్నగా, దూరంగా తగులుతోంది. కడుపులో కూడా అంతే చిన్నగా, అంతే దూరంగా. అక్కడ దెబ్బ పడినప్పుడే ఇక్కడా. ఇన్నాళ్లూ నేను చెయ్యి పెట్టి చూసుకున్నది బిడ్డనా, మగ్గాన్నా?

"అత్తమ్మా, కదిలేది పిల్లనో మగ్గమో నాకు తెలుస్తలేదు" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆమె కడుపు మీద చెయ్యి పెట్టింది. చెవి ఆనించింది. ఆమెకూ తేడా తెలియలేదు. తెలియనిది కూడా తెలిసినట్టే చెప్పే మనిషి అలా మాట్లాడకుండా ఉండటంతో నాకు మరీ భయమేసింది.

లేచి వీధిలోకి పోయింది. మా వాడలో మగ్గాలన్నీ కలిసి ఆగేది ఎవరైనా పోయినప్పుడే, అదీ పాడె వాడ దాటేదాకా. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఇంటింటి ముందూ నిలబడింది.

"జర మగ్గం ఆపుండ్రి. నా కోడలు కడుపుల పిల్ల కదులుడు సూసుకోవాలె."

"గదేంది, అపశకునం గాదా?" అన్నాడొక ముసలాయన.

"అపశకునం నా నెత్తిన. నువ్వైతే మగ్గంలకెల్లి కాలు తియ్యి."

ఒక్కొక్కటే ఆగాయి. చిట్టచివరి ఇంట్లోది ఇంకో రెండు దెబ్బలు కొట్టి ఆగింది. గడపలోంచి వచ్చిన ఎండ నా పాదాల మీద పడి ఉంది. చూరులో పిచ్చుకలున్నాయని ఆ ఇంట్లో మొదటిసారి తెలిసింది. నేల కదలడం మానేసింది. వాడంతా పాడె కోసం ఎదురు చూస్తున్నట్టుంది. అది ఎవరిదో తెలుసుకోవాలని నాకు లేదు. కళ్లు మూసుకున్నాను. ఎంతసేపో గుర్తులేదు.

అప్పుడు పక్కటెముకల కింద, కుడివైపు, ఒక చిన్న తన్ను. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఇంకోటి, వెంటనే మరోటి. వరస లేదు, తాళం లేదు, ఒట్టి పెంకితనం.

"అత్తమ్మా" అన్నాను. ఆమె నా ముఖం చూసి గడప దగ్గరికి ఉరికింది.

"ఉన్నది! తంతున్నది! ఇగ నెయ్యుండ్రి!"

ఏ మగ్గమూ కదల్లేదు. ఆమె మళ్లీ అరిచింది. అప్పుడు ఎదురింటి మగ్గం గుంటలోంచి ఒకాయన గొంతు మెల్లగా వచ్చింది.

"ఉండు వదినె. ఆ పిల్లను ఇంకా జరసేపు సూసుకోనియ్యి."

ఆ ఒక్కరోజు మా వాడ అత్తమ్మ మాట వినలేదు.