బావ ఆటకు నేను వేసిన తాళం

పోయిన ఆదివారం నరసరావుపేటలో మా ఇంటి వసారాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, ఫోనులో ఆడుకునే ఆట నుంచి తనను శాశ్వతంగా తీసేశారని మా అమ్మాయి చెప్పింది. తప్పేమిటో చెప్పమంటూ అది రాసిన నాలుగు ముక్కలకు, నేను మరో కాయ చేతిలోకి తీసుకునేలోపే జవాబు కూడా వచ్చేసింది. అది నవ్వేసి వేరే పేరుతో మళ్ళీ మొదలుపెట్టింది గానీ, అప్పటినుంచి నాకే కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని అనిపిస్తోంది.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, నెట్ సెంటర్లలో గంటల లెక్కన కూర్చునే రోజులు పోయి ఇళ్ళల్లోకి కంప్యూటర్లు వస్తున్న కాలమది. డిగ్రీ అయ్యాక నేను హైదరాబాదులో ఒక ఆటల కంపెనీలో చేరాను. ఇంట్లో వాళ్ళు నేను ఆటలు తయారుచేస్తున్నానని మురిసిపోయేవారు గానీ, నిజానికి నా పని ఆడేవాళ్ళను ఆపడం. తమ బదులు కంప్యూటరే ఆడేలా దొంగ ప్రోగ్రాములు పెట్టుకున్నవాళ్ళు, ఒకరి ఖాతాలో మరొకరు ఆడేవాళ్ళు, బూతులు రాసేవాళ్ళు, వీళ్ళందరి జాబితా పొద్దున్నే నా ముందుకొచ్చేది. పేరూ ఊరూ మాకు కనపడనిచ్చేవారు కాదు. ఒక నంబరు, ఆ నంబరు ఏ గంటలో ఏం చేసిందో ఆ వివరం, అంతే.

ఆ రోజుల్లోనే మా బావకు దెబ్బ తగిలింది. అక్క భర్త, మాచర్లలో నాపరాళ్ళ లారీ తోలేవాడు. లోడు దించుతుంటే బండ జారి కాలు నుజ్జయింది. ఆరు నెలలు మంచం దిగకూడదన్నారు. ఊరంతా వినపడేలా నవ్వే మనిషి గోడవైపు తిరిగి పడుకుని, అన్నం పెట్టినా మాట్లాడకుండా తినేవాడట. నేను నా పాత కంప్యూటరు తీసుకెళ్ళి మంచం పక్కన పెట్టి, మా కంపెనీ వాళ్ళ కోటల ఆట నేర్పి వచ్చాను. రెండు నెలలు తిరిగేసరికి బావ వెనక ఎక్కడెక్కడివాళ్ళో నలభై మంది చేరారు, ఆయన కోటకు వాళ్ళంతా కాపలా. బావ మళ్ళీ గట్టిగా నవ్వుతున్నాడని అక్క ఫోనులో చెబుతుంటే నాకు కళ్ళు తడిసేవి.

ఒకరోజు జాబితాలో ఒక నంబరు వచ్చింది. రోజుకు పదహారు గంటలు ఆగకుండా ఆట. ఒక పూట చెయ్యి చకచకా నడుస్తోంది, మరో పూట తడుముకుంటోంది. యంత్రమో ఇద్దరు మనుషులో అనుకుని, రెండు నిమిషాలైనా ఆలోచించకుండా నిషేధం వేసేశాను. ఆ మధ్యాహ్నమే ఇంగ్లీషు అక్షరాల తెలుగులో విన్నపం వచ్చింది. మేం మోసం చేయలేదు, నా వెనక నలభై మంది ఉన్నారు, దయచేసి మళ్ళీ చూడండి, అంతే. అలాంటి గుంపులు ఆ ఆటలో వేలకొద్దీ ఉండేవి. అందులో 'మేం' అన్న మాట పట్టుకుని, ఒప్పుకున్నట్టే కదా అనుకుని, ఎప్పుడూ పంపే తయారు జవాబే పంపి భోజనానికి లేచాను.

ఆ శనివారం మాచర్ల వెళితే బావ మళ్ళీ గోడవైపు తిరిగి ఉన్నాడు.

"ఏమే, మీ కంపెనీవోళ్ళు మీ బావ ఆట పీకేశారు," అంది అక్క గుమ్మంలోనే. "దొంగాట ఆడాడంట. మందులేసుకుని ఆయన నిద్దరోతే అవతలోళ్ళు కోట పడగొడతారని ఆయన బదులు నేను కూచునేదాన్ని. అదే తప్పయిందో ఏందో!"

నా చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. బావ నెమ్మదిగా ఇటు తిరిగాడు.

"అమ్మాయ్, ఆ జవాబు రాసినోడెవడో కనుక్కో. కొట్టేందుక్కాదులే. నేను రాసింది చదివాడా లేదా, అదొక్కటి అడుగు."

చదివింది నేనే, బావా, అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నోరు మాత్రం, చదివి ఉండరు బావా, రోజూ వందలొస్తాయి, అంది.

"అదీ అనుకున్నా. చదివితే అట్టా చెయ్యరుగా," అన్నాడాయన, ఊరట పడినట్టు.

సోమవారం మా మేనేజరు మేడంకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె నన్ను పక్కకు తప్పించి, ఆ వివరం మరొకరికిచ్చి చూడమంది. యంత్రం కాదు, భార్యాభర్తలిద్దరూ ఆడారు. మొదటి తప్పుకు హెచ్చరికతో సరిపోయేదానికి నేను తొందరపడి ఆటే తెంచేశానని తేలింది. పది రోజులకు నిషేధం ఎత్తేశారు. అప్పటికి కోట పడిపోయింది, నలభై మందీ తలో గుంపులో చేరిపోయారు. బావ ఒక్కసారి తెరిచి చూసి, మూసేసి, చంకకర్రలు ఇటివ్వమన్నాడట. నడక వచ్చాక లారీ ఎక్కలేదు. రాళ్ళ యార్డులో కాటా దగ్గర కూర్చునే పని చూసుకున్నాడు. 'మా మరదలు కంపెనీతో పోట్లాడి నా ఆట తిరిగి తెప్పించింది' అని ఈనాటికీ అందరికీ చెబుతాడు. అది విన్నప్పుడల్లా ఏదో వంకన నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

ఇప్పుడు ఈ పనంతా యంత్రాలే చూస్తున్నాయంటారు. మా కంటే తక్కువ తప్పులే చేస్తాయేమో, నాకు తెలియదు. ఆ రోజుల్లో మా గదిలో ఇరవైమందిమి ఉండేవాళ్ళం. చదివేవాళ్ళం, ఒక్కోసారి తప్పుగా చదివేవాళ్ళం, ఇంటికెళ్ళాక అన్నం సహించేది కాదు. ముక్కూ మొహం తెలియని మనిషికి మన వల్ల ఏదో జరిగిందని అన్నం సహించకపోవడం కూడా ఒకప్పుడు ఆ ఉద్యోగంలో భాగమేనంటే, ఈ పిల్లలు నమ్ముతారా?

ఈసారి మాచర్ల వెళ్ళినప్పుడు బావకు చెప్పేద్దామనుకుంటున్నాను. పోయినసారి కూడా అలాగే అనుకుని బస్సెక్కాను.