జెనిఫర్ సీసా

రిబ్కమ్మ మామ్మ ప్రార్థన మొదలుపెట్టిందంటే చర్చిలో వాచీ చూసుకోవడం దండగ. ముందు లోకాన్నీ, తర్వాత దేశాన్నీ, ఆ తర్వాత బందరు మున్సిపాలిటీనీ దేవుడికి అప్పజెప్పి, పేటలో ఉన్న రోగులందరినీ పేరుపేరునా చదివి, చివర్లో చర్చి గుమ్మంలో పడుకున్న కుక్కకి కూడా ఏదో ఒకటి అడిగి గానీ ఆమేన్ అనేది కాదు. మోకాళ్ల మీద ఉన్న పిల్లలు ఒక కునుకు తీసి లేచేసరికి ఆవిడ ఇంకా పామర్రు సెంటర్లో ప్రమాదాలు జరక్కుండా చూడమని దేవుణ్ణి బతిమాలుతూ ఉండేది. అయినా ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు. చివరికొచ్చేసరికి ఆవిడ గొంతు పూడుకుపోయేది, కళ్లు కారేవి. వినేవాళ్ల కళ్లూ కారేవి.

పుట్టింది దివిసీమలో, కోడూరు అవతల. చదివింది అయిదో తరగతి. పెళ్లయి బందరు వచ్చాక గుడివాడలో ఒక హాస్టల్లో వంటమనిషిగా కుదిరింది. పద్దెనిమిదేళ్లు పొద్దున్నే పాసింజరెక్కి వెళ్లి సాయంత్రం పాసింజర్లో తిరిగొచ్చింది. సీసాల సంగతి ఆ బండిలోనే మొదలైంది. ఒకరోజు ఎదురుసీట్లో ఒకావిడ జ్వరంతో కాలిపోతున్న పిల్లని ఒళ్లో వేసుకుని ఏడుస్తోంది. మామ్మ ఊరుకుంటుందా? ఆవిడ దగ్గరున్న నీళ్లసీసా లాక్కుని, దాని మీద చెయ్యి పెట్టి, పెడనలో ప్రార్థన ఎత్తుకుంది. ఆ నీళ్లు తాగిన పిల్లకి కవుతరం దాటేలోగా చెమట పట్టి జ్వరం దిగింది.

"కిటికీ గాలికి దిగిందేమోనే," అన్నాడు ఇంటికొచ్చాక భర్త దైవసహాయం.

మామ్మ ఆయనకి రెండు రోజులు కూరలో ఉప్పు వెయ్యలేదు.

అప్పటినుంచీ మామ్మ ఇంటికి సీసాలు రావడం మొదలైంది. జ్వరాలకి, పరీక్షలకి, పాలివ్వని గేదెకి, మాట వినని కొడుక్కి. మామ్మ చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంది, వాళ్లు పట్టుకెళ్లి తాగుతారు. గేదెకయితే కుడితిలో కలుపుతారు. కాణీ పుచ్చుకునేది కాదు. కానీ సీసా ఖాళీగా తెచ్చి ఇక్కడ నింపుకుంటామంటే మాత్రం మా కుళాయి ఏమన్నా యొర్దాను నదా అని కసిరేది.

ఇక గుడ్ ఫ్రైడే. ఆ రోజు పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో ఏడుగురు లేచి, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరూ ప్రసంగిస్తారు. అయిదోది ‘దప్పిగొనుచున్నాను’ అన్న దాహం మాట. ఇరవై రెండేళ్లుగా అది మామ్మదే. "నా ప్రాణం నీ కోసం దాహంతో అలమటిస్తోంది తండ్రీ" అని ఆవిడ చెయ్యెత్తితే మొగవాళ్లు కూడా జేబురుమాళ్లు తీసేవాళ్లు. గొంతు ఎండిపోతుందని బల్ల మీద చెంబుడు నీళ్లు పెట్టించుకుని, మధ్యమధ్యలో ఒక గుక్క తాగుతూ దాహం గురించి చెప్పేది. అందులో నవ్వాల్సిందేమన్నా ఉందని ఇరవై రెండేళ్లలో ఎవరికీ తోచలేదు, ఆవిడకీ తోచలేదు.

ఎనిమిది నెలల కింద మామ్మ కిడ్నీలు రెండూ పనికిరావన్నారు. అప్పటినుంచి మంగళ, గురు, శనివారాలు పెద్దాసుపత్రిలో డయాలసిస్. రోజు మొత్తానికి అర లీటరు నీళ్లు. టీ తాగినా, మజ్జిగ తాగినా, మాత్ర మింగినా అన్నీ ఆ అర లీటర్లోవే. కోడలు ప్రేమ పొద్దున్నే పావు లీటరు సీసాలు రెండు నింపి కిటికీలో పెట్టేది. మధ్యాహ్నానికి ఒకటిన్నర అయిపోయేది.

"అత్తయ్యా, మిగతాది రాత్రికి దాచుకోండి. మళ్లీ నన్ను తిట్టకూడదు."

"నువ్వు పెట్టే పచ్చడికి సముద్రం తాగినా చాలదే."

"పచ్చడి మీకెక్కడ పెట్టానండీ? డాక్టరుగారు వద్దన్నారని రెండు నెలలై సీసా అటక మీద ఉంది."

"వాసనొస్తోందిగా," అనేది మామ్మ.

పైకి ఇలాగే ఉండేది. లోపల మాత్రం ఇంకోటి జరుగుతోంది, అది ఎవరికీ చెప్పలేదు. మోకరించి కళ్లు మూసుకుని "నా ప్రాణం నీ కోసం" అనేసరికి ఆవిడకి స్టీలు గ్లాసు కనపడేది. అంచు దాకా నిండి, బయట చెమట పట్టిన గ్లాసు. దాన్ని పక్కకి నెట్టి మళ్లీ మొదలుపెడితే కోడూరు కాలవ కనపడేది, చిన్నప్పుడు దోసిళ్లతో తాగిన రేవు కనపడేది. దేవుడు కనపడేవాడు కాదు. అలవాటుకొద్దీ నోరు తన మాటలు తను చెప్పేసేది. ఎదుటివాళ్లు ఏడ్చేవాళ్లు. మామ్మ కళ్లు మాత్రం పొడిగా ఉండేవి. గుడ్ ఫ్రైడే దగ్గర పడుతోంది, మళ్లీ అక్కడ నిలబడి అదే మాట అనాలి. ఎలా అనడం? అదీ ఆవిడ బెంగ.

ఈ ఏడు ఈస్టరు ముందు నలభై రోజుల శ్రమకాలమూ, పక్కవాటా మున్నీ వాళ్ల రంజానూ ఒకే వారంలో మొదలయ్యాయి. మున్నీకీ మామ్మకీ ముప్పై ఏళ్ల స్నేహం, ముప్పై ఏళ్ల పోట్లాట. పగలంతా ఇద్దరూ నోళ్లెండబెట్టుకుని వసారాలో ఎదురెదురుగా కూర్చునేవాళ్లు.

"నీకేం మున్నీ, నువ్వు అదృష్టవంతురాలివి. సాయంత్రం మసీదులో అజాన్ వినపడుద్ది, గటగటా తాగేస్తావు. నాకు అజాన్ ఏదే?"

మున్నీ పోట్లాటకి దిగకుండా తన విసనకర్ర మామ్మ వైపు తిప్పి విసిరింది.

శ్రమకాలంలో బుధ, శుక్రవారాల సాయంత్రాలు ఒక్కో ఇంట్లో ఒక్కో ప్రార్థన కూడిక. నాలుగో శుక్రవారం మామ్మ ఇంటి వంతు. అయిదింటికే జనం దిగారు. చాపల మీద చోటు చాలక వసారాలో కూర్చున్నారు. మామ్మ కుర్చీ ముందు స్టూలు, స్టూలు మీద వరసగా సీసాలు. ముందున్నది జెనిఫర్ తెచ్చింది, లీటరు సీసా. వాళ్ల నాన్నకి తొమ్మిది రోజులుగా ఎక్కిళ్లు. మందులు వాడినా తగ్గలేదు, మనిషికి తిండీ నిద్రా లేవు. జెనిఫర్ సీసాని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా తెచ్చినట్టుంది. దాని ఒంటి నిండా చెమట, చుక్కలు చుక్కలుగా జారి స్టూలు మీద మడుగు కడుతోంది.

మామ్మ దాన్ని చూడకూడదనుకుంది. కళ్లు మూసుకుని, సీసాల మీద చేతులు చాపి ప్రార్థన చేసింది. అరచేతికి ఆ చల్లదనం తగులుతూనే ఉంది. లోకం అయింది, దేశం అయింది. మున్సిపాలిటీ దగ్గర నాలుక అంగిలికి అతుక్కుపోయి మాట రాలేదు. అప్పుడు మామ్మ జన్మలో ఎప్పుడూ అనని మాట అంది.

"ఇప్పుడు అయిదు నిమిషాలు ఎవరికి వాళ్లు మౌనంగా ప్రార్థన చేసుకోండి."

జనం ఆశ్చర్యపోయి తలలు వంచుకున్నారు. కొడుకు ప్రభాకర్ వంచాడు, పాస్టరుగారు వంచారు. ప్రేమ వంటింట్లో టీ కాస్తోంది. మామ్మ చెయ్యి దానంతటదే మూత తిప్పింది.

ఒక గుక్క అనుకుంది. ఆ ఒక్క గుక్క గొంతులోంచి దిగుతుంటే పాదాల దాకా తెలిసింది. ఇంక ఆపడం ఆవిడ వల్ల కాలేదు. ఆ మౌనంలో గుటకల చప్పుడు గదంతా వినపడింది. మామ్మ దుఃఖాన్ని దిగమింగుకుంటోందనుకుని వెనకాల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వెక్కివెక్కి ఏడ్చారు.

ఖాళీ సీసా చేత్తో పట్టుకుని కళ్లు తెరిచేసరికి గుమ్మంలో మున్నీ కనపడింది. తన ప్రార్థన కాదు కాబట్టి మున్నీ కళ్లు మూసుకోలేదు. మొత్తం చూసింది. పెదవులు పగిలి, ముఖం వాడిపోయి ఉంది, ఆవిడ నీళ్లు ముట్టి పన్నెండు గంటలు దాటింది. మామ్మ సీసా దాచబోయింది, ఎక్కడ దాస్తుంది? మున్నీ చప్పుడు కాకుండా వచ్చి సీసా తీసుకుంది. గుమ్మం పక్కన బిందెలోంచి చెంబుతో ముంచి నింపింది, మూత బిగించింది, కొంగుతో తుడిచింది, స్టూలు మీద మొదటి వరసలో పెట్టేసింది. పెట్టి, ఏమీ ఎరగనట్టు గుమ్మంలో కూర్చుంది.

మామ్మ ఆమేన్ అంది. మళ్లీ ప్రార్థన చేద్దామనుకునేలోపే జెనిఫర్ సీసా తీసుకుని పరిగెత్తింది.

ఆ రాత్రి మామ్మకి పడుకుంటే ఊపిరాడలేదు. దిళ్లు మూడు పెట్టుకుని కూర్చుంది. తెల్లారి ఆసుపత్రిలో బరువు చూసిన నర్సు నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏం మామ్మగారూ, కాలవకి గానీ అడ్డం పడ్డారా?"

"పుచ్చకాయ ముక్క తిన్నానమ్మా."

"ముక్కా? బండి మొత్తమా?"

ఆ రోజు మిషను మామూలుకంటే ఎక్కువ నీళ్లు లాగింది. కాళ్ల పిక్కలు పట్టేసి మామ్మ మంచం కడ్డీ పట్టుకుని మూలిగింది. దొంగతనానికి శిక్ష పడింది, ఇంక చెల్లిపోయిందనుకుంది.

చెల్లలేదు. ఆదివారం చర్చిలో జెనిఫర్ సాక్ష్యం చెప్పడానికి లేచింది.

"తొమ్మిది రోజులండీ. మామ్మగారు ప్రార్థన చేసిన నీళ్లు సగం గ్లాసు తాగారండీ మా నాన్న. అంతే. ఎక్కిళ్లు టక్కున ఆగిపోయినాయండీ!"

చర్చి అంతా స్తోత్రం అంది. మామ్మ తల ఎత్తలేదు. ముప్పై ఏళ్లుగా ఎన్ని సీసాల మీద చెయ్యి పెట్టిందో, ఎంత ఏడ్చి అడిగిందో. దైవసహాయం ఆఖరి రోజుల్లో ఆయన మంచం పక్కన ఒక చెంబు మీద రాత్రింబవళ్లు ప్రార్థన చేసింది, ఆయన ఆ నీళ్లు తాగి మర్నాడు పోయాడు. ఇప్పుడు తను చెయ్యి పెట్టని నీళ్లు, మున్నీ బిందెలోంచి ముంచిన మున్సిపాలిటీ నీళ్లు పనిచేశాయట. అయితే ఇన్నేళ్లూ తను చేసిందేమిటి? ఈ సంగతి దేవుణ్ణే అడుగుదామంటే ప్రార్థన రాదు.

వారం తిరిగేసరికి సీసాలు రెండింతలయ్యాయి. మంగినపూడి నుంచి ఒకాయన ఆటోలో క్యాను వేసుకొచ్చాడు.

"చెప్పెయ్యనా మున్నీ?" అంది మామ్మ.

"ఏం చెప్తావక్కా? రోజా ఉపవాసంలో ఉండి నీళ్లు ముంచిందాన్ని నేను. దొంగతనంలో నాకూ వాటా ఉంది. చెప్తే ఇద్దరి పేర్లూ చెప్పు."

"నీకు తాగాలనిపించలేదటే, అంత చల్లటి సీసా చూసి?"

"అనిపించింది. నీ గుటకలు లెక్కపెట్టాను," అంది మున్నీ.

మామ్మ పాస్టరుగారి దగ్గరికి వెళ్లింది. "అయ్యగారండీ, ఈసారి అయిదో మాట ఇంకెవరికన్నా ఇవ్వండి. నాకు ప్రార్థన రావట్లేదండీ."

"మీకు రాకపోతే ఇంకెవరికి వస్తుందండీ రిబ్కమ్మగారూ?" అని ఆయన నవ్వారు. "మీ మాట కోసమే గుడివాడ నుంచి కూడా వస్తున్నారు."

గుడ్ ఫ్రైడే వచ్చింది. పన్నెండింటికి చర్చి కిక్కిరిసింది, ఫ్యాన్లు తిరుగుతున్నా ఉడుకే. నాలుగు మాటలయ్యాక మామ్మ ప్రభాకర్ భుజం పట్టుకుని ముందుకెళ్లింది. బల్ల మీద ఈసారి చెంబు లేదు.

"ఇరవై రెండేళ్లు ఇక్కడ నిలబడి దాహం గురించి చెప్పాను," అంది. "పక్కన చెంబు పెట్టుకుని చెప్పాను. నాకేం తెలీదు అప్పుడు. ఇప్పుడు తెలిసింది. ఎనిమిది నెలలై నాకు ప్రార్థన లేదు. నోరాడుతోందంతే. కళ్లు మూస్తే గ్లాసు కనపడుతోంది. నాకు దేవుడు కావాలో నీళ్లు కావాలో నాకే తెలీడం లేదు. జెనిఫరూ, మీ నాన్న తాగింది నేను ప్రార్థన చేసిన నీళ్లు కాదమ్మా. అవి నేను తాగేశాను. అందరూ కళ్లు మూసుకుంటే దొంగతనంగా తాగాను. నీ సీసాలోవి ఉత్త బిందె నీళ్లు."

మామ్మ రాళ్లు పడతాయన్నట్టు నిలబడింది. వెనక నుంచి ఎవరో "స్తోత్రం" అన్నారు. ఇంకొకరన్నారు. పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చూశారా! తగ్గింపు అంటే ఇదీ. మహిమ తనకి రాకూడదని తన మీద తనే నింద వేసుకుంటున్నారు."

జెనిఫర్ పరిగెత్తుకొచ్చి మామ్మని వాటేసుకుని భోరుమంది.

"ఒసే, నిజంగానే తాగానే!" అంది మామ్మ. "మున్నీని అడుగు! ఆసుపత్రిలో బరువు చూసిన నర్సుని అడుగు!"

"ఇంకా ఎంత తగ్గించుకుంటారు మామ్మగారూ," అని జెనిఫర్ ఇంకా గట్టిగా ఏడ్చింది. చర్చంతా ఏడ్చింది. ఇరవై రెండేళ్లలో అయిదో మాటకి అంతమంది ఎప్పుడూ ఏడవలేదు.

మూడింటికి మజ్జిగ పోశారు. ప్రేమ తన గ్లాసులోంచి రెండు గుక్కలు మామ్మకి ఇచ్చి మిగతాది తను తాగేసింది. ఇంటికొచ్చేసరికి వసారాలో పదకొండు సీసాలు వరసగా ఉన్నాయి. తెచ్చినవాళ్లు ఎండకి గోడ నీడలో కూర్చుని ఉన్నారు. తప్పించుకోవడానికి దారి లేదు. మామ్మ కుర్చీలో కూలబడింది. చేతులు చాపింది, కళ్లు మాత్రం మూసుకోలేదు, మూసుకోవడానికి భయమేసింది. రంజాను అయిపోయి రెండు వారాలైంది, మున్నీ గుమ్మంలో తమలపాకు నములుతూ కూర్చుంది.

"తండ్రీ," అంది మామ్మ. ఆ పైన లోకం రాలేదు, దేశం రాలేదు, మున్సిపాలిటీ రాలేదు. చేతులు సీసాల మీద అలాగే ఉండిపోయాయి. చాలాసేపు చూసి మున్నీ మెల్లగా అడిగింది.

"అయిందా అక్కా?"

"లేదే," అంది మామ్మ. "ఇంకా మొదలవలేదు."