ముందు చక్రం మీది గీత

స్టూడియో అక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. పెళ్లయిన కొత్తలో ముందు గదిలో తెల్లగుడ్డ కట్టి, పాస్‌పోర్టు ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి మనుషుల ముఖాల మీద మచ్చలు తుడిచి తుడిచి, ఇప్పుడు పాతకాలపు కార్లను ఫొటో తీసి, కంప్యూటర్‌లో వాటికి మచ్చలు పెడుతోంది. రంగు వెలిసినట్టు, అంచులు పసుపెక్కినట్టు, మడతల దగ్గర కాగితం చిట్లినట్టు, ఎప్పటిదో పాత ఫొటోలా చేసి ఇస్తే, కార్లవాళ్లు మురిసిపోయి గోడకు తగిలించుకుంటున్నారు.

మురిసిపోనిది ఒక్క మేనమామే. తన నల్లకారును పసిబిడ్డలా సాకుతున్న మనిషి ఆయన. ఆమె చేసిన ఫొటో చూసి, "నిగనిగలాడే బానెట్ మీద లేని తుప్పు పెట్టావేంటే? నా కారంటే నీకేం పగ?" అని విరుచుకుపడ్డాడు. తుప్పు లేకుండా ఇంకొకటి చేసిస్తానని ఒప్పుకుంది.

ఆదివారం పొద్దున్నే ఆ పనికి కూర్చుంది. మావయ్య ఆ రోజే కొండదారిన అవతలి ఊళ్లో పాత కార్ల ప్రదర్శనకు బయల్దేరుతున్నాడు. పక్కసీట్లో ఆయన అక్క, అంటే ఈమె తల్లి.

ముందు చక్రాన్ని పెద్దది చేసి చూస్తుండగా ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒక బోల్టు నుంచి పక్క బోల్టు దాకా వెంట్రుకంత గీత. నేను గీసిందేనా? ఫొటో నిండా తను గీసిన గీతలే మరి. ఒక్కొక్కటే చెరుపుతూ పోయింది. అది పోలేదు. కెమెరాలోని అసలు ఫొటో తెరిచింది. అక్కడా ఉంది. ఫొటో తీసిననాడు, చక్రం బోల్టుల్ని కప్పే మెరిసే వీల్ క్యాప్ పాత కళను చెడగొడుతోందని, ఆ ఒక్క ఫొటో కోసం బతిమాలి దాన్ని తీయించింది. తర్వాత మావయ్య మళ్లీ బిగించేశాడు.

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. తల్లి ఫోన్ స్విచాఫ్. వెంటనే స్కూటర్ తీసింది.

ఆమె వెళ్లేసరికి కారు మావయ్య ఇంటి గేటు దాటుతోంది. స్కూటర్‌ను అడ్డంగా పడేసి ఎదురుగా నిలబడింది. బ్రేకు కీచుమంది.

"మతిగానీ పోయిందా నీకు?"

"చక్రం చిట్లింది మావయ్యా. దిగు."

"ఎక్కడ?"

"క్యాప్ వెనకాల. ఫొటోలో చూశాను."

"ఏ ఫొటోలో? నా బానెట్‌కి తుప్పు పట్టిందే, ఆ ఫొటోలోనేనా?"

సాగనంపడానికి వచ్చిన ఇరుగుపొరుగు ఘొల్లుమన్నారు. ఆమె ముఖం కందిపోయింది. అయినా కదల్లేదు.

"ఇంతకీ నేను దిగాలా, కూర్చోవాలా? ఏదో ఒకటి తేల్చండర్రా," అంది లోపల్నుంచి తల్లి.

"కూర్చో అక్కా."

"దిగమ్మా."

ఇద్దరూ ఒకేసారి అన్నారు. తల్లి కూతురి ముఖం వంక ఒక్క క్షణం చూసి, చీర సర్దుకుని దిగిపోయింది. అక్క దిగాక ఆయన ఇంజను ఆపక తప్పలేదు.

వీధి చివరి మెకానిక్‌ను పిలిపించి క్యాప్ తీయించారు. నల్లరంగు, దుమ్ము, బోల్టులు. అంతే.

"ఏదీ?" అన్నాడు మావయ్య.

ఆమెకూ కనబడలేదు. ఫొటో తీసిన సాయంత్రం ఎండ ఏటవాలుగా పడింది. ఇప్పుడు అక్కడ నీడ.

మెకానిక్ మాత్రం అక్కడ కిరసనాయిలు పూశాడు. కాసేపాగి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాడు. తెల్లగా ఉంది. మావయ్య ఏదో అనబోయాడు. అప్పుడు, పగుల్లో ఇంకిన కిరసనాయిలు ఆ తెలుపులో సన్నగా ఊరింది. బోల్టు నుంచి బోల్టుకు, అక్కణ్నుంచి మూడోదానికి నల్లటి గీత పాకింది.

"కొండ దిగేటప్పుడు గట్టిగా బ్రేకేసి ఉంటే చక్రం ఊడొచ్చేదండీ," అన్నాడు మెకానిక్.

మావయ్య తన అక్క వంక చూశాడు. అవతలి వైపు వెళ్లి, గొంతుక్కూర్చుని రెండో చక్రం క్యాప్ తనే ఊడదీశాడు.

"దీనికీ పుయ్యి," అన్నాడు.

దానిమీదా ఒక చిన్న గీత తేలింది. వెనక చక్రాలు రెండూ బాగున్నాయి. ప్రయాణం మానుకుని కారును చెక్కదిమ్మల మీదికి ఎక్కించారు. అత్తయ్య మంచినీళ్లు తెచ్చిస్తే మావయ్య గ్లాసు అందుకున్నాడు కానీ, చూపు ఆ చక్రం మీదే ఉండి సగం నీళ్లు చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. మేనకోడలు చూడనట్టు తల తిప్పుకుని, పడేసిన స్కూటర్‌ను లేపడానికి వెళ్లింది.