పోనూ రానూ పట్టే కాలం

మా రైల్వే ఊరి గోల్‌బజార్‌లో మొబైల్ ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు నిలబడితే, కరిగిన సోల్డర్ వాసన ముక్కుకు తగిలింది. కొట్టతను "పాంచ్ మినిట్, దీదీ" అన్నాడు. స్క్రూలు విప్పి మళ్లీ బిగించడం కూడా ఆ అయిదు నిమిషాల్లో కలిపావా అని అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు. నిజానికి ఆ ప్రశ్న నాది కాదు, పైడిరాజు గారిది.

డెబ్బైల చివర, బీయెస్సీ అయిన కొత్తలో, ఇక్కడి ఇంజనీరింగ్ కళాశాల ల్యాబులో నాకు మూడు నెలల తాత్కాలిక ఉద్యోగం దొరికింది. రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసి అటు వచ్చిన పైడిరాజు గారు ఆ ల్యాబుకు పెద్ద. వెండి రంగు పూత కాగితం మీద సూదితో నిప్పురవ్వలు రాల్చి, చుక్కచుక్కగా అక్షరాలు అచ్చువేసే యంత్రం ఒకటి తయారవుతోంది. ఒక్కో రవ్వ నూట యాభై మైక్రోసెకండ్లు ఉండాలి. ఎక్కువైతే అక్షరం అలుక్కుపోతుంది. అంత చిన్న వ్యవధిని కొలవడానికి యంత్రంలో విడిగా గడియారం లేదు. ప్రాసెసర్ చేతే ఊరికే అంకెలు లెక్కపెట్టించి కాలం గడపాలి. ఆ ప్రోగ్రాం రాయడం నా పని. సోమవారం ప్రొఫెసరు వచ్చి చూసి, నన్ను ఉంచాలో పంపాలో తేలుస్తారు.

ఒక అంకె లెక్కపెట్టే చుట్టుకు ఏడున్నర మైక్రోసెకండ్లని పుస్తకం చెప్పింది. ఇరవై చుట్లు తిప్పాను. శనివారం అచ్చువేస్తే అక్షరాలన్నీ మసిమరకలు. కరెంటు హెచ్చుతగ్గులను గీతగా చూపే ఆసిలోస్కోపు తెర మీద రవ్వ నిడివి నూట డెబ్బై దాటింది.

"నా లెక్క తప్పు కాదు మాస్టారూ. మీ తెరే ముసలిదైపోనాది."

"ముసిలోణ్ణి నేనూ అయిపోనాను. నన్నూ మార్సెస్తావేటి?" అన్నారాయన నవ్వకుండా. తరువాత కుర్చీ లాక్కుని, "మీ నాన్న డ్యూటీ ఎన్ని గంటలే?" అన్నారు.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. "ఎనిమిది."

"మరి ఇంట్లో ఎన్ని గంటలు కనబడ్డు?"

"పదవుతాది. మా తాల్‌బగీచా నుంచి సైకిలు తొక్కాల, గేటు కాడ హాజరు టోకెను తీసుకోవాల, మళ్లీ అంత దూరమూ రావాల..." అంటూనే నేను ఆగిపోయాను.

"ఆగినావేం? సెప్పు."

చెప్పడానికేముంది? నేను చుట్లు మాత్రమే లెక్కపెట్టాను. ప్రాసెసర్ ఆ చుట్ల దగ్గరికి వెళ్లడానికీ, అంకె అందుకోవడానికీ, తిరిగి రావడానికీ పట్టే కాలాన్ని వదిలేశాను. చుట్లు తగ్గించాను. అప్పుడు నూట యాభైకి మిగిలిన కాస్త వెలితిని, ఏ పనీ చేయని ఆదేశాలతో నింపమన్నారాయన. అలాంటివి రాయడం నాకు నామోషీ అనిపించింది.

"పని సెయ్యనోడూ టైం తింటాడమ్మా. నీకిప్పుడు కావలసినోడు ఆడే."

సాయంత్రానికి తెర సరిగ్గా నూట యాభై చూపింది. సోమవారం ప్రొఫెసరు కాగితాన్ని వెలుతురుకు పట్టి చదివి, "బేష్" అన్నారు. తప్పు ఈ అమ్మాయే పట్టుకుందని పైడిరాజు గారు ఆయనకు చెప్పారు. నా ఉద్యోగం నిలిచింది. ప్రొఫెసరు వెళ్లాక నేను ఊరుకోలేదు.

"అబద్ధమెందుకాడినారు మాస్టారూ?"

"అబద్ధమేటే? మీ నాన్న డ్యూటీ అడిగినాను. అంతకన్నా నేనేటి సేసినాను?"

 నన్ను ఎరిగినవాళ్లు నమ్మరు గానీ, అప్పటినుంచీ ఎదుటివాళ్ల తెరను తిట్టే ముందు నేను వదిలేసిందేమిటా అని ఒకసారి వెతుక్కుంటాను.

ఫోను చేతికొచ్చేసరికి పన్నెండు నిమిషాలైంది. నేను ముందే పదిహేను అనుకున్నాను కాబట్టి, పోట్లాడటానికి కారణమే లేకపోయింది.